అదే పిస్తోలు

"అన్ని సినిమాల్లోనూ అదే పిస్తోలేంటండీ?" రాజోలు హాల్లో మ్యాట్నీ మొదలవుతుండగా అడిగింది కృపావతి.

ఆమె భర్త యేసురత్నం మద్రాసులో రౌడీ వేషాలు వేస్తాడు. హీరో కాల్చగానే చచ్చిపోవడం అతని పని. సెలవని ఇంటికొచ్చి మూడు నెలలైంది.

"మిగతావి సమయానికి పేలవు, ఫిల్ము దండగ. అది మొదటి టేకులోనే పేలుద్ది. నేను మొదటి టేకులోనే పడతాను. అందుకే మా ఇద్దర్నీ వదలరు."

ఇంటర్వెల్ అయ్యాక హీరో పిస్తోలు తీశాడు. నిగనిగలాడే కొత్త పిస్తోలు. అది పేలగానే ఎవరో కొత్తవాడు కుప్పకూలాడు.

కృపావతి చీకట్లో భర్త చెయ్యి పట్టుకుంది. "కొబ్బరి కొట్లో మనిషి కావాలన్నాడండి మా అన్నయ్య. రేపోసారి వెళ్లి కలవండి."

"కలుస్తాలే," అన్నాడు యేసురత్నం, తెర మీంచి చూపు తిప్పకుండా. "కొత్తోడు బాగానే పడ్డాడు."