పైరు మీద ఒట్టు

“పైరు మీద చెయ్యేసి చెప్పవే! ఎకరానికి రెండు బస్తాలు డీఏపీ పడిందా, లేదా?”

పుల్లయ్య గొంతు అవతలి గట్టున మేస్తున్న గేదెలకు కూడా వినపడింది. పాతికమంది రైతుల నడుమ, పత్తి చేలో ఆయన పెళ్లాం సుశీల కొయ్యబారిపోయింది.

వ్యవసాయాధికారి హరిత ఎదుట, గునపంతో తవ్వి తీసిన మూడు పత్తి మొక్కలున్నాయి. పక్క చేలల్లోంచి తీసిన రెండు మొక్కల వేళ్లూ జానెడు దిగి, గట్టి నేల తగిలి అడ్డంగా వంకర పోయాయి. పుల్లయ్య చేలో మొక్క వేరు మాత్రం మూరన్నర లోతుకి తిన్నగా దిగింది. కాయలూ రెట్టింపే.

“ఏటా రోటావేటర్ తిప్పితే పైమట్టి పిండవుతుంది, కింద పొర రాయవుతుంది. మీ నేలల్లో భాస్వరం ముందే ఎక్కువుంది, డీఏపీ ఎరువు వద్దని భూసార కార్డుల్లో రాసిచ్చాం. మీరేం చేశారు పుల్లయ్యగారూ?” అంది హరిత.

“కార్డు పొయ్యిలో పెట్టా మేడం! కాయితం చూసి కాయ కాస్తదా? రెండెకరాలకి నాలుగు బస్తాలు. విత్తేప్పుడు రెండు మా ఆడది ఏసింది, నెల తిరిగాక రెండు నేనేశా.”

పక్క చేను కౌలుకి చేసే జైనాబ్ బీ కళ్లు మెరిశాయి. “అన్నా, ఒట్టేసి చెప్పు. నా రెండు మేకల్నీ రేపే అమ్మి శనగకి డీఏపీ తెస్తా.”

“మగోడి మాటకి ఒట్టేంది? మా ఆడది ఏస్తది” అంటూ పెళ్లాన్ని ముందుకు నెట్టాడు పుల్లయ్య. ఊరంతటినీ సాక్ష్యానికి పిలవడం, చివరికి పెళ్లాన్ని బోనెక్కించడం ఆయనకి అలవాటే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొగుడు ఊళ్లో లేని రోజు ట్రాక్టర్ అక్రంతో లోతుగా దుక్కి దున్నించింది సుశీలే. కార్డు చదివాక బస్తాలు విప్పనే లేదు. నిజం చెబితే ఊళ్లో మొగుడు తలెత్తుకోలేడు. చెప్పకపోతే పాలిచ్చే మేకలు పోతాయి. పైరు మీద అబద్ధపు ఒట్టేస్తే ఇంటికి దూది రాదు. చెయ్యి చాచింది గాని, ఆకుకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఏడుపొచ్చింది.

“అక్కా, ఏసెయ్ ఒట్టు” అంది జైనాబ్ బీ.

“మేకల్నమ్మమాకే జైనాబూ!” అని గట్టిగా అరిచింది సుశీల. “నేను మందెయ్యలా. నా రెండు బస్తాలూ ఆ చొప్పవామి కిందున్నయ్.”

పుల్లయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంటికెళ్లాక తన వీపు విమానం మోతేనని సుశీల అనుకుంది.

జనం చేను మూలనున్న చొప్పవామి వైపు కదిలారు. అందరికంటే ముందు పరిగెత్తింది పుల్లయ్యే.

“వామి ముట్టుకోమాకండి! పాములుంటయ్!”

“చూద్దాం లే బాబాయ్” అంటూ అక్రం పడమటి వైపు చొప్ప లాగడం మొదలెట్టాడు.

“ఒరేయ్, అటెందుకురా!” పుల్లయ్య అడ్డం పడ్డాడు. ఈలోగా రెండు బస్తాలు బయటికొచ్చాయి. మూతి కుట్టు కుట్టినట్టే ఉంది.

సుశీల తెల్లబోయింది. “అయ్యి నావి కావు. నేను దాచింది తూర్పు పక్కన.”

తూర్పు పక్క తీశారు. అక్కడా రెండు బస్తాలు.

హరిత నాలుగు బస్తాల్నీ చూసి పుల్లయ్య వైపు తిరిగింది. ఊరు ఊరంతా అటే తిరిగింది. పుల్లయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, పెళ్లానికి మాత్రమే వినపడేలా గొణిగాడు.

“కార్డు పొయ్యిలో పెట్టేముందు నేనూ ఓసారి చదివా లేవే.”