పసుపు పూసిన తాడు

భీమిలి తీరంలో ప్రతి ఇల్లూ ఉక్కుతాడు మీద ఆధారపడిన రోజులవి. పోటుకు ముందు మోటారు ఇంటిని పైకి లాగుతుంది, సముద్రం తగ్గాక కిందికి దించుతుంది. తాళ్లు తనిఖీ చేసే పైడిరత్నం, అసిరమ్మ ఇంటి తాడుకు నూలుగుడ్డ చుట్టి మెల్లగా జరిపింది. మూడో మూర దగ్గర గుడ్డ పట్టేసింది. తీసి చూస్తే తెగిన తీగలు ముళ్లలా లేచి ఉన్నాయి. పేటల సందుల్లో తుప్పు, తుప్పులో పసుపు.

"మోటారు మీదున్న మీటరు పచ్చగానే సూపిత్తంది గదమ్మా," అంది అసిరమ్మ.

"అది బరువే చూస్తాది. తాడుకి పసుపేటి?"

"దసరాకి ఆయుధపూజ సెయ్యమా? గ్రీజు తుడిసీసి, పసుపునీళ్లతో కడిగి బొట్టెట్టినాం."

తాడు మార్చేదాకా ఇల్లు లేపకూడదని పైడిరత్నం ఎర్రచీటీ అంటించింది. "పోటు వచ్చేలోగా గుట్టెక్కేయండి. ఈ పిచ్చిపని ఎవరు నేర్పేరు?"

అసిరమ్మ కాస్త మొహమాటపడింది. "మీ అత్తగారేనమ్మా. మీ ఇంటి తాడుకి ఏటేటా అలాగే సేత్తారంట గదా."

పైడిరత్నం తన ఇంటి తాడును ఎన్నడూ గుడ్డపెట్టి చూడలేదు. తీరం పొడవునా మోటార్లు ఒక్కొక్కటే మొదలవుతున్నాయి. ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"ఇల్లు లేపీసినామమ్మా," అంది అత్తగారు. "పిల్లలతో సహా అందరం పైనే ఉన్నాం. నువ్వు నిదానంగా రా."