ఐవింద్ గుండె పదిలం

"ఆ స్కీలు కింద పెట్టు," అంది భార్య సిగ్నె, షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఐవింద్ పెట్టలేదు. మధ్యాహ్నం లోయలోని ఊళ్ల మధ్య, మంచు మీద స్కీలతో జారే రిలే పందెం. పెళ్లికి ముందు నుంచీ తమ జట్టులో ఆఖరి వంతు అతనిదే. జ్వరం తగ్గింది, ఒంట్లో బాగానే ఉంది, ఇంకెందుకు ఆపడమని వాదించాడు.

"గొంతులో దూరిన వైరస్ గొంతులోనే ఉంటుందని డాక్టరమ్మ నీకు మాటిచ్చిందా?"

డాక్టరమ్మ అలాంటి మాటేమీ ఇవ్వలేదు. ఫ్లూ వచ్చాక కొందరిలో అది గుండె కండరం దాకా దిగుతుందని, పైకి ఏమీ తెలియదని, ఆ వాపు మీద ఒళ్లు అలిసేలా పరుగులు పెడితే గుండె లయ తప్పి కుప్పకూలవచ్చని చెప్పింది. ఛాతీలో పొడుస్తోందని అతను రెండుసార్లు అనేసరికి నిన్న రక్తం కూడా తీయించింది. ఫలితం ఇవాళ ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసి చెబుతారు.

"మరి జట్టు సంగతి? ఒక మనిషి తక్కువైతే బరిలోకే రానివ్వరు. పక్క ఊరివాళ్లు ఏడాది పొడుగునా నవ్వుతారు."

"నేను వెళ్తాను."

"నువ్వా? నీకూ ఒళ్లు వెచ్చబడిందిగా మొన్న?"

"నాది ఉత్త జలుబు. పడుకునే తీరిక ఉంటే అదీ జ్వరమయ్యేదేమో," అంటూ గోడకున్న తన స్కీలు దించుకుంది సిగ్నె. పొయ్యి మీద సూప్ ఉందని, కట్టెల జోలికి వెళ్లవద్దని చెప్పి కారెక్కింది.

ఐవింద్ కిటికీ దగ్గర కూర్చుని మణికట్టు మీద వేళ్లు పెట్టుకున్నాడు. నాడి ఒకసారి నిదానంగా, ఒకసారి తొందరగా కొట్టుకుంటున్నట్టు అనిపించింది. ఇంతలో జట్టులోని ఉల్ఫ్ ఫోన్ చేశాడు. సిగ్నె ఎక్కుడు దారిలో ఇద్దరిని దాటేసిందట, జట్టుకి మూడో స్థానం వచ్చిందట.

"నువ్వున్నన్నాళ్లూ ఆఖరి నుంచి మూడో స్థానమేగా మనది," అని నవ్వి పెట్టేశాడు.

ఐవింద్‌కి గుండెలో నిజంగానే కలుక్కుమంది. ఇది వైరస్ పనే అనుకున్నాడు.

చీకటి పడుతున్నా సిగ్నె రాలేదు. గెలిచినవాళ్లతో కలిసి విందులో కూర్చుని ఉంటుందని అతను గొణుక్కుంటుండగా మళ్లీ ఫోన్ మోగింది. ఆసుపత్రి గుండె విభాగం నుంచి నర్సు.

"రక్తపరీక్ష చూశాం. గుండె కండరం వాచింది. ఫ్లూ వల్లే. సమయానికి తెలిసింది కాబట్టి ప్రాణభయం లేదు. కొన్నాళ్లు ఇక్కడే ఉండాలి. ఆర్నెల్ల దాకా స్కీల మాట ఎత్తకూడదు."

ఐవింద్ ఫోన్‌ని చెవికి అదుముకున్నాడు. ముందు భయం వేసింది. భయం వెనకే కాస్త తృప్తి కూడా కలిగింది. ఇక ఉల్ఫ్ ఎలా నవ్వుతాడో చూడాలి.

"నాకు ముందే తెలుసండీ," అన్నాడు నీరసంగా. "బట్టలు సర్దుకుని వచ్చేస్తాను. మా ఆవిడకి మాత్రం మీరే నిదానంగా చెప్పండి. తట్టుకోలేదు."

అవతల నర్సు కాగితాలు తిరగేసింది.

"ఆమెకు తెలుసండీ. ఇక్కడ మంచం మీద ఉన్నది ఆమే. పందెం అయ్యాక ఛాతీలో నొప్పంటే తీసుకొచ్చారు, నేను చెప్పింది ఆమె రక్తపరీక్ష గురించే, మీదాంట్లో ఏమీ లేదు. మీకే నిదానంగా చెప్పమంది, మీ గుండె అసలే సున్నితమట."