గాలికి ఆరని కొవ్వొత్తి

ఇటు జరగండర్రా. ఆ ఫోను పక్కన పెట్టి నా మంచం దగ్గరికి రండి. మన సమాధుల తోటలో ఆ మూల కొవ్వొత్తి ఎందుకు ఆరేది కాదో చెబుతాను.

సమాధుల పండుగ మీరెరిగిందే. పత్తి తీతలు ఎంత ముమ్మరంగా ఉన్నా ఆ రోజు మనవాళ్ళెవరూ చేలోకి పోరు. పొద్దున సమాధులకు సున్నం, మధ్యాహ్నం బంతిపూలు, పొద్దు వాలగానే కొవ్వొత్తులు. చర్చి అయ్యగారు వచ్చి, మనకంటే ముందు వెళ్ళిన పరిశుద్ధులందరినీ తలుచుకుని దేవుడికి స్తోత్రాలు చెల్లిస్తారు.

జయకుమారి వాళ్ళు వేపచెట్టు పక్క సమాధికి చేసేవారు. అది వాళ్ళ మామ చెంచయ్యది. ఆయన పోయేనాటికి కొడుకు ఇమ్మానియేలు, అదే జయకుమారి మొగుడు, పాకే పిల్లాడు. తర్వాత ఎప్పటికో పెద్ద తుఫాను వచ్చి, ఆ వరసలో సిలువలన్నీ కొట్టుకుపోయి బురద మేట వేసింది. ఇమ్మానియేలే తుఫానుకి మిగిలిన ఒక్క వేపచెట్టు గుర్తు మీద తండ్రి సమాధిని వెతికి పట్టుకున్నాడు.

అదే తుఫానుకి గోడ కూలి, తల్లి దీనమ్మ కాలు విరిగింది. అప్పట్నుంచి ఆమె ఇల్లు కదల్లేదు. ఆమెది ఒకటే కోరిక.

"నన్ను మీ నాయన పక్కన పెట్టండిరా. ఆ చోటు ఇంకెవరికీ పోనివ్వబాకండి."

ఏటా ఆ పండక్కి చీరాల బస్సులో ఒకావిడ వచ్చేది. నీలం నేతచీర, చేతిలో సున్నం డబ్బా. ఎవరో ఏమిటో ఎవరికీ తెలియదు. కంచెవార ముళ్ళపొదల్లో దిక్కులేకుండా పడి ఉన్న ఒక సమాధిని బాగుచేసి, సున్నం కొట్టి, ఒక్క కొవ్వొత్తి వెలిగించేది.

చిత్రమేమిటంటే, గాలి కొట్టిందా, తోటంతా ఆరిపోయేది. ఆవిడ కొవ్వొత్తి మాత్రం నిలబడి వెలిగేది.

అంతకన్నా చిత్రం ఇంకోటుంది. పోయే ముందు ఆవిడ చెంచయ్య సమాధి దగ్గర ఆగేది. ఒక బంతిపువ్వు పెట్టి, అరచెయ్యి ఆనించి, కళ్ళు తుడుచుకుని పోయేది.

ఇంకేం, పక్కింటి సుబ్బరావమ్మ నోరు ఊరుకుంటుందా?

"ఏమే జయా, మీ మామకి చీరాల్లో ఎవరన్నా ఉండేవాళ్ళా ఏంటి?"

"ఛీ, ఊరుకో పిన్నీ! మా మామ ఏనాడూ వాగు దాటి ఎరగడంట. చీరాలేం పోతాడు?"

"వాగు దాటి ఎరగడని చెప్పిందెవరు? ఆయనేగా!"

ఆ మాట జయకుమారికి ముల్లులా దిగింది. అత్త చెవిన పడితే ఇంకేమన్నా ఉందా? ఒక ఏడు ఆవిణ్ణి నిలదీసింది.

"ఎవరమ్మా నువ్వు? మా మామ నీకేమవుతాడు?"

"ఏమీ కాడమ్మా."

"మరి పువ్వెందుకు? ఆ ఏడుపెందుకు?"

ఆవిడ నవ్వింది.

"మీరు ఇంత ప్రేమగా చూసుకుంటున్నారు కదా. అది చూస్తే కళ్ళు నిండుతాయమ్మా. మీ కడుపు చల్లగుండ."

"నీ దీవెనలు మాకొద్దు. మా అత్తకి తెలిస్తే ప్రాణం పోద్ది. ఇంకెప్పుడూ మా సమాధి ముట్టుకోబాక."

ఆవిడ పువ్వు పెట్టబోతూ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అట్టాగే తల్లీ," అని, ఆ పువ్వు పట్టుకునే బస్సెక్కింది.

మరుసటి ఏడు జయకుమారి వాళ్ళు ఆ సమాధికి నల్లరాయి పరిపించారు. చూపిద్దామని దీనమ్మని ఆటోలో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పటికామెకు చూపు ఆనదు. సమాధి తల వైపు చేత్తో తడిమింది.

"రాయేదే?"

"ఇదేగా అత్తా, గ్రానైటు! అద్దంలా లేదూ?"

"ఇది కాదే. నా తిరగలి పైరాయి. సిలువ చేయించే తాహతు లేక, నేను జొన్నలు విసిరిన రాయే తలకాడ పెట్టించా."

"తుఫానుకి కొట్టుకుపోయుంటదిలే."

"ఇద్దరు మగాళ్ళు మోసిన రాయే అది! ఎక్కడికి పోద్ది?"

అప్పుడే గాలి లేచింది. కొవ్వొత్తులన్నీ ఆరిపోయాయి. కంచెవార ఒక్కటి వెలుగుతోంది.

జయకుమారి అటు నడిచింది. ఆవిడ లేదు. అదే సున్నం డబ్బాతో ఒక పడుచుపిల్ల కూర్చుని ఉంది. పేరు షారోన్ అంది.

కొవ్వొత్తి నేల మీద లేదు. సున్నం కొట్టిన గుండ్రటి రాయి నడుమ, గింజలు పోసే బొక్కలో గాలి సోకకుండా వత్తి దాకా దిగి ఉంది.

తిరగలి పైరాయి.

జయకుమారి కేకేసింది. ఆ కేక విని ఇమ్మానియేలు తల్లిని కుర్చీతో సహా ఎత్తుకొచ్చాడు. దీనమ్మ రాయి అంచంతా తడిమి, పిడి విరిగిన చోట వేలు ఆపింది.

"ఇడుగో మీ నాయన. నన్ను ఎవరి పక్కన పెట్టబోయార్రా?"

జయకుమారి షారోన్ వైపు తిరిగి అడిగింది.

"మీ అమ్మ రాలేదా?"

"వేసవిలో పోయింది ఆంటీ. ఈ పెద్దాయనకి మాత్రం ఏటా వెలిగించి రమ్మంది."

"ఈయన మీకేమవుతాడు?"

"ఏమీ కాడు. ఎవరూ లేరని చేసేది. ఈ రాయి కూడా మట్టి గీరుతుంటే అమ్మకే దొరికిందంట."

"మరి ఆ వేపచెట్టు దగ్గర పువ్వు పెట్టేది?"

షారోన్ నల్లరాయి వైపు చూసింది.

"అది మా అమ్మమ్మ ఆంటీ. మిరపకోతలకొచ్చి ఇక్కడే పోతే, మీ ఊరోళ్ళే చోటిచ్చారంట. తుఫాను తర్వాత అమ్మ వచ్చేసరికి మీరు సున్నం కొట్టి పూలు పెడతా ఉన్నారంట. 'దిక్కులేకుండా పోయిన మా అమ్మకి ఇంతమంది బిడ్డలు దొరికితే, కాదని ఎట్టా చెప్పను? వాళ్ళు మా అమ్మకి చేస్తున్నారు, నేను ఎవరూ లేనోళ్ళకి చేస్తా' అనేది."

నల్లరాయిని తియ్యొద్దంది దీనమ్మ. తను మాత్రం పోయాక, ఇప్పుడు తిరగలి పక్కనే ఉంది.

ఆ చీరాల ఆవిడ పేరు మహిమ. అన్నేళ్ళు వచ్చిపోయినా ఊళ్ళో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఈ పండక్కి మొదటి కొవ్వొత్తి వెలిగించేటప్పుడు ఆ పేరు పైకి పలకండి. రేపు మీ పిల్లలకి ఈ సంగతి చెప్పేటప్పుడు ఏది మరిచినా సరే, ఆ పేరు మాత్రం మరవకండి.