ఉమ్మడి న్యూట్రల్

తమ్ముణ్ణి దొంగ అనడానికి నాకెంత ఆధారం కావాలి? 'వోల్టేజి తక్కువ' అంటూ నా కరెంటు కారు చార్జర్ ఆగిపోవడం చాలింది. మల్టీమీటరు పట్టుకుని మెట్ల కింద మీటర్ల దగ్గరికి వెళ్ళాను. మేడమీది నుంచి వాడూ దిగివచ్చాడు, చేతిలో పాపకు మందు పీల్పించే నెబ్యులైజర్, మాడిపోయి.

"నీ కారు తాగింది చాలక, మా పాప ఊపిరి మీద పడ్డావా అన్నయ్యా?"

"నా కరెంటు లాగేసుకుని నాకే నీతులా?"

"నువ్వు చార్జింగు పెట్టినప్పుడల్లా మా బల్బులు పేలుతున్నాయి. లాగేసుకుంటే పేలుతాయా?"

పేలవు. చార్జర్ ఆన్ చేసి, ఎప్పుడూ నా మీటరు దగ్గరే కొలిచేవాణ్ణి, ఈసారి వాడి మీటరు దగ్గరా కొలిచాను. రెండువందల ముప్ఫై వోల్టులు ఉండాల్సింది, నావైపు నూట అరవై, వాడివైపు రెండువందల డెబ్భై దాటింది. వెంటనే ఆపేశాను.

"ఫేజులు వేరైనా, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ మనిద్దరికీ ఒకటేరా. అది వదులైంది. నా దగ్గర తగ్గేకొద్దీ నీ దగ్గర పెరుగుతోంది."

"అంటే మిషన్ కాల్చింది నువ్వే."

"నేనే. పాపకెలా ఉంది?"

"ఎగపోస్తోంది. ఆసుపత్రికైనా సరే, నీ కారు మాత్రం మేమెక్కం."

"నాతో ఎక్కొద్దు."

మెయిన్ దించేశాను. రెండిళ్ళ ఫ్యాన్లూ ఒక్కసారే ఆగాయి. కారు తాళం వాడి చొక్కాజేబులో వేసి, పాపను తేవడానికి మెట్లెక్కాను.