పదిహేనో ఆటగాడు

లౌరీకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తాత ఏదో ఒక రోజు ఆ రగ్బీ మైదానంలో పడిపోయి, మళ్లీ లేవడని.

ఆ తాత, అరవై తొమ్మిదేళ్ల ఇద్వల్, ఇప్పుడు వంటింట్లో కూర్చుని ఆట బూట్లకు లేసులు బిగిస్తున్నాడు.

"తాతా, నీకు పిచ్చిగానీ పట్టిందా?"

"పట్టి అరవై ఏళ్లయింది. ఇప్పుడా అడగడం?"

"డాక్టరు ఏం చెప్పాడు?"

"నడవమన్నాడు."

"నడవమన్నాడు, పరిగెత్తమనలేదు!"

"నా పరుగు నువ్వు చూళ్లేదు. నడకకీ దానికీ పెద్ద తేడా ఉండదు."

లౌరీ చంకలో పసిది మాబ్లీ దగ్గింది. ఆ అద్దింటి గోడ చెమ్మకి శీతాకాలమంతా ఆ దగ్గు వదల్లేదు. ఇద్వల్ గోడ వైపు చూశాడు. మునిమనవరాలి వైపు చూశాడు. మళ్లీ లేసుల మీదికి వంగాడు.

తలుపు కొట్టకుండానే గెథిన్ లోపలికొచ్చాడు. మాంసం కొట్టు అతనిదే, రగ్బీ క్లబ్బు అధ్యక్షుడూ అతనే.

"బాబాయ్, రీస్‌కి జ్వరం తగ్గలేదు. జట్టులో పద్నాలుగుమందే. ఆటగాళ్ల చిట్టాలో పేరున్నవాడివి ఇంక నువ్వొక్కడివే. నీతో కలిపి పదిహేను."

"చూశావా, నన్ను బతిమాలుతున్నారు" అన్నాడు ఇద్వల్ మనవరాలితో.

పెన్‌గార్ ఊరి మైదానంలో జనం కూర్చుని ఆట చూసే స్టాండు తొంభై ఏళ్లది. బయట వాన ఆగినా లోపల ఆగదు. దాన్ని కూల్చి కొత్తది కట్టడానికి సగం సొమ్ము కౌన్సిల్ ఇస్తానంది. మిగతా సగానికి ఊరంతా వాటాలు కొన్నారు. రొట్టెల కొట్లో పనిచేసే లౌరీ కూడా మాబ్లీ పేరున ఒకటి కొంది. ఇబ్బందల్లా స్థలంతోనే. ఎప్పుడో పెద్దింటివాళ్లు దాన్ని ఊరికిస్తూ ఒక షరతు రాశారు: ఏడాదికి ఒక్క ఆటైనా జరగాలి, జరక్కపోతే స్థలం తిరిగి వాళ్ల వంశానికే. తొంభై ఏళ్లు ఎవరికీ అది గుర్తు రాలేదు. ఇప్పుడు కట్టడం పనులు సాగి సాగి ఒక్క ఆటా జరగలేదు, ఏడాది ఈ సాయంత్రంతో నిండిపోతోంది.

"ఆ వంశంలో అసలు ఎవడైనా మిగిలున్నాడా?" అంది లౌరీ.

"ఉన్నాడట" అన్నాడు గెథిన్. "పెద్దింటి కూతురొకతె గని కూలీతో లేచిపోయిందట. వాళ్ల కొడుకట. లాయరు వాడికి ఉత్తరం రాశాడట, జవాబు లేదట. పేరు మాత్రం చెప్పడు. వాడెక్కడో కాలు మీద కాలేసుకుని, సాయంత్రం ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తుంటాడు. సూపర్ మార్కెట్ వాళ్లకి అమ్ముకుంటే తరతరాలు తినొచ్చు."

"వాణ్ణే అడిగి, తిరిగి రాయించుకోవచ్చుగా?"

"ఒక్క రోజు స్థలం చేతులు మారినా కౌన్సిల్ సొమ్ము వెనక్కి పోతుంది."

"గద్ద!" అంది లౌరీ.

"గద్దే" అన్నాడు ఇద్వల్ తలెత్తకుండా.

"పోనీ పద్నాలుగుమందితో ఆడితే?"

"కుదరదు. షరతులో రాసిందిగా, జట్టుకి పదిహేనుమంది, ఆఖరి విజిల్ దాకా" అన్నాడు ఇద్వల్.

గెథిన్ ఆశ్చర్యపోయాడు. "నీకెలా తెలుసు బాబాయ్?"

"నువ్వే చెప్పావు, తాగి."

గెథిన్ కాదనలేకపోయాడు. ఇద్వల్ అల్మరా సొరుగులోంచి ఒక మందపాటి కవరు తీసి, మడిచి, మేజోడులోకి దోపాడు.

"అదేంటి తాతా?"

"పాత కాగితం. మా కాలంలో కాలి ఎముకకి ఇదే కవచం."

మైదానానికి ఒకవైపు ఇనప గొట్టాల పరంజా, మరోవైపు గొడుగుల కింద ఊరంతా. "గద్దకి చెప్పండ్రా, ఆట మొదలైందని!" అని ఎవరో అరిచారు. పక్క లోయ జట్టువాళ్లకి సంగతంతా తెలుసు. అయినా ఓడిపోయేంత జాలి వాళ్లకి లేదు.

ఇద్వల్‌ని బంతి రాని మూలకి పంపారు. రెండో సగంలో బంతి అక్కడికే వచ్చింది. అతను పట్టుకున్నాడు! పట్టుకున్న సంతోషంలో ఏం చెయ్యాలో మరిచిపోయాడు. అవతలి జట్టు కుర్రాడు తన సొంత తాతని పడుకోబెట్టినంత మెత్తగా కింద పడేశాడు. అయినా మోకాలు చప్పుడు చేసింది.

లౌరీ పసిదాన్ని గెథిన్ చేతుల్లో పెట్టి బురదలోకి పరిగెత్తింది.

"లేవకు తాతా. అంబులెన్సు పిలుస్తాను."

"ఇంకా ఎంతసేపుంది?"

"పన్నెండు నిమిషాలు."

"లేపు."

"పోతే పోనీ ఈ స్థలం! నాకు నువ్వు కావాలి."

ఇద్వల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మాబ్లీకి ఇందులో ఒక వాటా ఉందిగా, నువ్వు కొన్నది. అది చాలే. లేపు నన్ను."

ఆ పన్నెండు నిమిషాలూ అతను మూల జెండా కర్ర పట్టుకుని, కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాడు. పెన్‌గార్ ముప్పై ఏడు పాయింట్ల తేడాతో ఓడింది. ఆఖరి విజిల్ మోగగానే ఓడినవాళ్లు గెలిచినవాళ్లని భుజాల మీద ఎత్తుకుని తిరిగారు.

ఇంటికొచ్చాక లౌరీ తాత మోకాలి మీద గడ్డకట్టిన బఠానీల సంచి పెట్టింది. తడి మేజోడు లాగుతుంటే ఆ కవరు జారి పడింది. దాని మీద లాయరు ముద్ర. ఉత్తరం విప్పింది. మొదటి వరుసలో తాత పేరు దగ్గరే ఆగిపోయింది. మళ్లీ చదివింది.

"ఆ చెమ్మ గోడ సంగతి వచ్చేవారం నేనే చూస్తాలే" అన్నాడు ఇద్వల్, ఆమె వైపు చూడకుండా.

లౌరీ జారిపోతున్న బఠానీల సంచిని సర్ది, తన శాలువా తీసి అతని కాళ్ల మీద కప్పింది.

రేపు పొద్దున్నే ఆమె పనికి పోవాలి. ఇంట్లో పసిదీ, చెప్పిన మాట వినని ముసలాయనా.

మీరెవరైనా అటు వెళ్తే, ఆ గద్ద మోకాలు ఎలా ఉందో ఒకసారి చూసి రండి.