ఆ ఓనరు దొరకాలి

విమానం తలుపులు మూసి గంటయింది. మధ్యాహ్నం, పక్క సీట్లో ఉన్న మా మనవరాలికి ఉద్యోగం ఇంటర్వ్యూ. దిగనివ్వరు, ఎగరనివ్వరు.

"మా ఎయిర్‌లైన్స్ అద్దె కట్టలేదట సార్. విమానం సొంతదారు కంపెనీ ఆపించేసింది," అంది ఎయిర్‌హోస్టెస్.

"విమానానికీ అద్దేనా తల్లీ? మా ఇంటి ఓనరే నయం, అద్దె ఆలస్యమైతే నీళ్లు మాత్రమే ఆపేస్తాడు!" అన్నాను. అందరూ నవ్వారు. దాంతో ఊపొచ్చి ఆ సొంతదారుని మనవలూ మనవరాళ్లతో సహా తిట్టిపోశాను.

మనవరాలు నా చొక్కా లాగింది. "మెల్లిగా తాతయ్యా! విమానాలు లీజుకిచ్చే కంపెనీ అని మురిసిపోయావే, లీజు అంటే అద్దే. నీ రిటైర్మెంటు డబ్బు పెట్టింది ఈ కంపెనీలోనే. బాకీ పడ్డవాళ్ల విమానాలు ఆపమంటారా అని మొన్న వాటాదారులందరికీ కాగితం పంపితే, చదవకుండానే సరేనని సంతకం గీకేశావు."

"ఆ ఓనరు దొరకాలి, కాళ్లు విరగ్గొడతా!" అంటున్నాడు వెనక సీటు పహిల్వాను.

నేను బెల్టు ఇంకాస్త బిగించుకున్నాను.